పాత బోటు ఇంజను: సామాను ఎక్కడ దొరుకుతుంది, ఎలా కాపాడుకోవాలి

ఏప్రిల్ 15 వచ్చిందంటే మా పారాదీప్ నెహ్రూ బంగ్లా హార్బరులో బోట్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని కట్టేసి ఉంటాయి. జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, తూర్పు తీరమంతటా మరబోట్లకు వేట నిషేధం. చెన్నై కాసిమేడులో ఉన్న మనవాళ్ళకీ, యానాం వాళ్ళకీ ఇవే తేదీలు. కర్ణాటక, మహారాష్ట్ర తీరాల్లో జూన్ 1 నుంచి జూలై 31 వరకు. ఈ రెండు నెలల్లోనే ఇంజను విప్పాలి, బాగుచేయాలి, మళ్ళీ బిగించాలి. ఆ రోజుల్లో మా తెలుగు సంఘం ఆఫీసుకి వచ్చేవాళ్ళలో సగం మంది అడిగేది ఒకటే: "సెక్రటరీ గారూ, మా బోటు ఇంజనుకి ఫలానా సామాను ఎక్కడా దొరకట్లేదు, మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

నేను మెకానిక్‌ని కాను. ఉద్యోగమంతా స్టోర్సులో గుమస్తాగా చేసి రిటైరయ్యాను. ఏ సామానుకి ఏ నంబరు, ఏది ఎక్కడి నుంచి వచ్చింది, ఏది ఎన్నాళ్ళు ఆగింది అని రిజిస్టరులో రాయడమే నా పని. రాయగా రాయగా ఇంజనుల సంగతి కొంత అబ్బింది. మిగతాది హార్బరులోని మేస్త్రీల దగ్గర నేర్చుకున్నాను. ఏటా అందరికీ నోటితో చెప్పేది ఒకసారి కాగితం మీద పెడితే పనికొస్తుందని రాస్తున్నాను.

ఇక్కడ చెప్పేది బోటు లోపల బిగించిన పాత డీజిల్ ఇంజనుల గురించి. విశాఖలో పాబ్లో, సోరా, సోనా అని పిలిచే రకం బోట్లలో ఉండే ఇంజనులన్నమాట. ఫైబరు తెప్పల వెనక తగిలించే మోటార్ల సంగతి వేరు, అవి ఇందులో లేవు.

సగం లారీ, సగం సముద్రం

ముందుగా ఒక సంగతి అర్థం చేసుకుంటే సగం తిరుగుడు తప్పుతుంది. మన బోట్లలో కనిపించే పాత ఆరు సిలిండర్ల అశోక్ లేలాండ్ ఇంజను పుట్టుకతో సముద్రం ఇంజను కాదు. ఎన్నూరులో తయారైన అదే కుటుంబం ఇంజను కామెట్ లారీలోనూ, వైకింగ్ బస్సులోనూ తిరిగింది. దానికి సముద్రంలో పనిచేయడానికి కావలసిన సరంజామా తగిలించి బోటుకి ఇచ్చారు. పేరులో ఉండే 370, 400 అంకెలు గుర్రపు శక్తి అని చాలామంది అనుకుంటారు. కాదు, అవి ఇంజను పరిమాణాన్ని ఘనపు అంగుళాల్లో చెప్పే అంకెలు. 370 అంటే సుమారు 6 లీటర్లు, 400 అంటే సుమారు ఆరున్నర లీటర్లు.

కాబట్టి పిస్టన్లు, రింగులు, లైనర్లు, కనెక్టింగ్ రాడ్ బేరింగులు, వాల్వులు, గైడులు, నాజిళ్ళు, హెడ్డు గ్యాస్కెట్టు లాంటివి లారీ సగం. లారీలు తిరిగిన ప్రతి ఊళ్ళోనూ ఇవి ఎప్పుడో ఒకప్పుడు ఉన్నవే. బోటు సామాను అమ్మే కొట్లో లేదంటే ఇక లేదని అనుకోకూడదు. లారీ సామాను కొట్లో అడగాలి. ఒక్కోసారి ధరలో కూడా తేడా ఉంటుంది. అదే ముక్క మీద 'మెరైన్' అన్న మాట పడితే ధర పెరుగుతుంది.

నీళ్ళు తిరిగే గోడలున్న ఎగ్జాస్టు మానిఫోల్డు, హీట్ ఎక్స్‌చేంజరు, ఉప్పునీటి పంపు, ఆయిల్ కూలరు, గేర్‌బాక్సుని ఇంజనుకి కలిపే హౌసింగు, ఇవి సముద్రం సగం. ఇవి లారీకి ఉండవు. తక్కువ సంఖ్యలో తయారయ్యాయి, తయారీ ఆగిపోతే దొరకడం కష్టం. మనవాళ్ళు చేసే తప్పు సరిగ్గా ఇక్కడే ఉంది. పిస్టన్ రింగుల కోసం వేలు పోస్తారు, మానిఫోల్డుని మాత్రం తుప్పుకి వదిలేస్తారు. రింగులు రేపు కూడా దొరుకుతాయి, మానిఫోల్డు దొరకదు. పాత ఇంజను ఉన్నవాళ్ళు ముందు ఆ రెండో సగాన్ని కాపాడుకోవాలి.

కిర్లోస్కర్, రస్టన్, సింప్సన్ ఇంజనులకూ కొంతవరకు ఇదే లెక్క. పుణె కిర్లోస్కర్ ఇంజనులు పొలాల్లో నీటి పంపులకీ, జనరేటర్లకీ వాడినవే. చించ్‌వడ్‌లో తయారైన రస్టన్లు కూడా అంతే. చెన్నై సెంబియంలో సింప్సన్ వాళ్ళు చేసిన పెర్కిన్స్ రకం ఇంజనులు ట్రాక్టర్లలో ఉన్నాయి. మీ ఇంజనుకి నేల మీద అన్నదమ్ములెవరో తెలుసుకోండి. సామాను వాళ్ళింట్లో దొరుకుతుంది.

ప్లేటు, నోటుబుక్కు

ఒకసారి మా బావమరిది బోటుకి హెడ్డు గ్యాస్కెట్టు కావాలన్నారు. నేనే చెన్నై వెళ్తున్నాను కదా అని పేరు, సిలిండర్ల సంఖ్య మాత్రం విని బయల్దేరాను. ఉద్యోగంలో ఒక్క నాడూ నంబరు లేకుండా ఇండెంటు తీసుకోని మనిషిని, సొంత పనికి మాత్రం నోటిమాట మీద వెళ్ళాను. తెచ్చిన గ్యాస్కెట్టులో నీటి దారుల రంధ్రాలు రెండు చోట్ల కలవలేదు. మరొకరి చేత తెప్పించిన రెండోది కూడా వేరే మోడలుదే. సీజను మొదలై పదకొండు రోజులు బోటు కట్టేసే ఉంది. కళాసీలకి ఇచ్చిన అడ్వాన్సు, ఐసు ఖర్చు, అన్నీ ఆ ఇంటి మీదే పడ్డాయి. మా చెల్లెలు ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది.

అప్పటి నుంచి నా దగ్గరికి వచ్చేవాళ్ళకి మొదట చెప్పేది ఇది. ఇంజను బ్లాకు మీద ఒక రేకు ప్లేటు ఉంటుంది. మోడలు, ఇంజను నంబరు దాని మీదే ఉంటాయి. గేర్‌బాక్సుకి వేరే ప్లేటు, అందులో రిడక్షన్ నిష్పత్తి ఉంటుంది. డీజిల్ పంపుకి ఇంకో ప్లేటు. మూడింటినీ వైరు బ్రష్షుతో గట్టిగా గీకకుండా, కిరసనాయిలు గుడ్డతో తుడిచి ఫోటో తీసుకోండి. ప్లేటు ఊడిపోయి ఉంటే బ్లాకు మీదే పోతపోసిన నంబర్లు, కొట్టిన నంబర్లు వెతకండి. ఆ మీద రంగు వేసేసి ఉంటారు, ఓపికగా తీయాలి.

దానితో పాటు ఒక నోటుబుక్కు పెట్టండి. మార్చిన ప్రతి సామాను నంబరు, తేదీ, ఇంజను నడిచిన గంటలు, కొన్న చోటు రాయండి. ముఖ్యంగా క్రాంకు ఎన్నోసారి గ్రైండింగుకి వెళ్ళిందో రాయాలి. బేరింగు షెల్లు వెనక 010, 020, 030 అని కొట్టి ఉంటుంది. అంటే క్రాంకుని అంగుళంలో వెయ్యోవంతు లెక్కన 10, 20, 30 మేర అరగదీసి, దానికి సరిపడా మందం ఉన్న బేరింగు వేశారని అర్థం. మిల్లీమీటర్లలో 0.25, 0.50, 0.75 అని ఉంటుంది. ఈ అంకె తెలియకుండా బేరింగు కొనడం, కాలు కొలత లేకుండా చెప్పులు కొనడం లాంటిదే. పిస్టన్లకీ ఇలాగే సైజులుంటాయి, కాకపోతే అక్కడ పెరుగుతూ పోతాయి.

పాత ముక్కని పారేయకండి. విరిగినదైనా సరే, సంచిలో వేసుకుని కొట్టుకి తీసుకెళ్ళండి. కొత్తదీ పాతదీ పక్కపక్కన పెట్టి, రంధ్రాలు, పళ్ళు, మందం కొలిచి చూశాకే డబ్బు ఇవ్వండి.

ఎక్కడ వెతకాలి

మనవాళ్ళు నాలుగైదు రాష్ట్రాల్లో ఉండటం ఈ ఒక్క విషయంలో మంచి సదుపాయం. చెన్నైలో పుదుపేట పాత బండి సామానుకి పేరున్న చోటు. విప్పిన లారీల ఇంజను భాగాలు అక్కడ వెతకవచ్చు. బోటు సామాను మాత్రం రాయపురం, కాసిమేడు వైపు చూడాలి. బెంగళూరులో కొత్త సామానుకి జేసీ రోడ్డు, పాతదానికి శివాజీనగర్. విజయవాడ ఆటోనగర్ సంగతి తెలియనివారు లేరు. మా ఒడిశా వాళ్ళకి కలకత్తా మల్లిక్ బజార్ కూడా అందుబాటే.

సముద్రం సగం కావాలంటే ఓడలు విరగ్గొట్టే చోట్లు చూడాలి. ముంబై దారుఖానాలో, గుజరాత్‌లో అలంగ్ దారిపొడవునా పాత ఓడల నుంచి తీసిన పంపులు, కూలర్లు, వాల్వులు కుప్పలుగా ఉంటాయి. ఓడ ప్రాణరక్షక పడవల్లో చిన్న డీజిల్ ఇంజనులుంటాయి, ఎక్కువగా నడవనివి. అయితే అక్కడ దొరికేవాటిలో చాలావాటి కొలతలు మనవాటికి కలవవు. కొలతలు రాసుకోకుండా వెళ్తే దారి ఖర్చు దండగ.

డీజిల్ పంపు, నాజిళ్ళ విషయానికొస్తే పాత ఇంజనుల మీద 'మైకో' అన్న పేరు కనిపిస్తుంది. 1951లో బెంగళూరులో మొదలైన ఆ కంపెనీయే 2008 నుంచి బాష్ పేరుతో నడుస్తోంది. పంపు మీది పొడుగాటి నంబరు మొత్తం, మధ్యలో అక్షరాలతో సహా, రాసుకుని బాష్ సర్వీసు కేంద్రానికి వెళ్తే లోపలి ఎలిమెంట్లు, డెలివరీ వాల్వుల వివరం దాన్నిబట్టే తీస్తారు. పంపుని ఊళ్ళో ఎవరి చేతనో విప్పించకండి. బెంచి మీద పెట్టి ఆరు గొట్టాలకీ సమానంగా డీజిల్ వస్తోందో లేదో చూసి సరిచేయాల్సిన వస్తువు అది.

ఎక్కడా దొరకని పోత ముక్కలకి ఆఖరి దారి మళ్ళీ పోయించడం. కొల్హాపూర్, బెళగావి, కోయంబత్తూరు ఇనుప పోత పనికి పేరున్న ఊళ్ళు. రాజ్‌కోట్ డీజిల్ ఇంజను భాగాలకి ప్రసిద్ధి. పాత ముక్క నమూనాగా ఇస్తే అచ్చు చేసి పోస్తారు. ఒక్క ముక్కకి ఖర్చు ఎక్కువ. అదే ఇంజను ఉన్న నాలుగు బోట్ల వాళ్ళు కలిసి నాలుగు పోయించుకుంటే అచ్చు ఖర్చు పంచుకోవచ్చు. పోత చల్లారేటప్పుడు కాస్త కుంచించుకుంటుంది. అందుకని అరిగిపోయిన ముక్కనే ఉన్నదున్నట్టు అచ్చు తీస్తే కొత్తది చిన్నదవుతుంది. ఈ మాట పోతమేస్త్రీకి తెలుసు, కానీ అరుగుదల ఎంతో మీరే చెప్పాలి.

నకిలీ సరుకు గురించి ఒక్క మాట. డబ్బా చూసి మోసపోకండి, డబ్బాలు కూడా అచ్చు వేయిస్తున్నారు. తూకం తక్కువగా ఉండటం, అంచులు గరుకుగా ఉండటం, కొట్టిన నంబరు వంకరగా ఉండటం అనుమానించాల్సిన గుర్తులు. బిల్లు ఇవ్వనన్న కొట్లో బేరింగులు, నాజిళ్ళు, ఆయిల్ ఫిల్టర్లు కొనవద్దు. బాగా ఉన్న పాత అసలు ముక్క, కొత్త నకిలీ కంటే మేలు. అయితే పాత బేరింగు షెల్లులు, పాత రింగులు, పాత గ్యాస్కెట్లు మాత్రం ఎంత బాగా కనిపించినా వేయకూడదు.

ఉప్పునీటి దారి

ఇంజనులో రెండు నీళ్ళు తిరుగుతాయి. లోపల మంచినీళ్ళు, కూలెంటు కలిపినవి. వాటి వేడి తీసుకుపోవడానికి బయటి నుంచి ఉప్పునీళ్ళు. రెండూ హీట్ ఎక్స్‌చేంజరులో కలవకుండానే ఒకదాని వేడి ఒకటి తీసుకుంటాయి. కొన్ని బోట్లకి ఎక్స్‌చేంజరు బదులు బోటు అడుగున గొట్టాలుంటాయి. మరీ పాతవాటిలో ఉప్పునీరే నేరుగా ఇంజనులోకి వెళ్తుంది. అలాంటి ఇంజనుని 60, 65 డిగ్రీల దగ్గరే ఉంచాలి. అంతకన్నా వేడెక్కితే ఉప్పు, సున్నం లోపల గట్టిగా పేరుకుంటాయి. లారీ థర్మోస్టాటు తెచ్చి వేసినవాళ్ళు ఇంజను ఎందుకు కాగిపోతోందో తెలియక తలపట్టుకోవడం నేను చూశాను.

ఉప్పునీటి పంపులో రబ్బరు ఇంపెల్లరు ఉంటుంది. చేతివేళ్ళలా రెక్కలుంటాయి. దీన్ని ఏడాదికి ఒకసారి మార్చండి, బాగున్నా సరే. నీళ్ళు లేకుండా నడిస్తే నిమిషంలోపే మాడిపోతుంది. రెక్క తెగి ఉంటే ఆ తెగిన ముక్క ఎక్కడికి పోయిందో దొరికేదాకా వెతకాలి. అది పోయి ఎక్స్‌చేంజరు గొట్టాల మొహాన కూర్చుంటుంది. కొత్త ఇంపెల్లరు ఎక్కించేటప్పుడు సబ్బునీళ్ళో గ్లిజరినో రాయండి, గ్రీజు రాయకండి. గ్రీజుకి ఆ రబ్బరు ఉబ్బుతుంది. బోటులో ఎప్పుడూ ఒక స్పేరు ఇంపెల్లరు, దాని గ్యాస్కెట్టు ఉండాలి. ఒడ్డుకి 40 మైళ్ళ దూరంలో ఇంజను కాగితే, బోటుని తీరానికి తెచ్చేది ఆ చిన్న రబ్బరు ముక్కే.

ఎక్స్‌చేంజరుకి పెన్సిలు లాంటి జింకు ముక్క బిగించి ఉంటుంది. తుప్పు ఆ జింకుని తినాలి, మిగతా లోహాన్ని వదిలేయాలి, దాని ఉద్యోగం అదే. సగం అరిగితే మార్చేయండి. బోటు బయట పంకా దగ్గర బిగించే జింకు దిమ్మలకి రంగు వేయకూడదు. వేస్తే అవి లేనట్టే. మా హార్బరులో ఏటా ఎవరో ఒకరు అందం కోసం వాటికీ రంగు వేస్తూనే ఉంటారు.

నీటిలోపలి వాల్వులు, బోల్టులు కొనేటప్పుడు మామూలు ఇత్తడివి వద్దు. ఇత్తడిలోని జింకుని ఉప్పునీరు లాగేస్తుంది, మిగిలిన లోహం గులాబి రంగుకి తిరిగి బిస్కట్టులా విరుగుతుంది. గన్‌మెటల్ అడగండి. పాత వాల్వు గోకితే గులాబి రంగు కనిపించిందంటే ఆ సీజనే మార్చాలి. అది విరిగితే బోటులోకి నీరు పైపు లావున వస్తుంది.

మానిఫోల్డు లోపలి నుంచి తుప్పు పడుతుంది, బయటికి తెలియదు. రెండేళ్ళకొకసారి విప్పి, రంధ్రాలు మూసి, ఒత్తిడితో నీళ్ళు పట్టి చూడాలి. చిన్న చిల్లు పడినా ఇంజను ఆపాక నీళ్ళు మెల్లగా సిలిండరులోకి దిగుతాయి. తెల్లారి స్టార్టరు నొక్కితే ఠక్కున ఆగిపోతుంది. బ్యాటరీ వీకయిందనుకుని మళ్ళీ మళ్ళీ నొక్కకండి. నీళ్ళని పిస్టన్ నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. నాజిళ్ళు తీసి, చేత్తో క్రాంకు తిప్పి చూడాలి.

డీజిలు, నూనె, పొగ

ఇంజను ఆగి సముద్రంలో చిక్కుకున్న బోట్ల కథ విన్నప్పుడు నేను మొదట అడిగేది డీజిలు గురించే. డ్రమ్ముల్లో తెచ్చిన డీజిల్లో నీళ్ళుంటాయి, మడ్డి ఉంటుంది. బయల్దేరే ముందు ప్రతిసారీ ట్యాంకు అడుగు కుళాయి, ఫిల్టరు కింది బిళ్ళ వదులు చేసి ఒక గ్లాసు పట్టి చూడండి. నీళ్ళు అడుగున విడిగా కనిపిస్తాయి. ఫిల్టర్లు రెండూ మార్చాలి, ఒకటి మార్చి ఒకటి ఉంచడం పొదుపు కాదు. కిరసనాయిలు కలిసిన డీజిలు చవకే, కానీ పంపు లోపలి భాగాలకి డీజిలే నూనె. కిరసనాయిలుకి ఆ జిగురు లేదు. గాలి చేరితే గాలి తీయడం సరంగుకే కాదు, బోటులో ఇంకొకరికి కూడా వచ్చి ఉండాలి.

నల్లపొగ వస్తే గాలి చాలట్లేదనో, నాజిలు సరిగా చిమ్మట్లేదనో, పంకాకి వల చుట్టుకుందనో అర్థం. నీలంపొగ అంటే నూనె కాలుతోంది. తెల్లపొగ చల్లటి ఇంజనుకి కాసేపు సహజం. వేడెక్కాక కూడా పోకుండా, లోపలి మంచినీళ్ళు తగ్గుతుంటే గ్యాస్కెట్టు చూడాలి. డిప్‌స్టిక్కు మీద నూనె పాలు కలిపిన టీ రంగులో ఉంటే ఇంజను స్టార్టు చేయనే చేయకండి. ఎక్కడి నుంచో నీరు చేరింది.

షాఫ్టు సంగతి

ఇంజను బాగుంది, బోటు మాత్రం వణుకుతోంది అంటే చాలాసార్లు అలైన్‌మెంటు తప్పింది. గేర్‌బాక్సు ఫ్లాంజికీ షాఫ్టు ఫ్లాంజికీ మధ్య ఫీలరు గేజి పెట్టి పైనా కిందా, రెండు పక్కలా కొలవాలి. తేడా అంగుళంలో నాలుగు వెయ్యో వంతులు, అంటే మిల్లీమీటరులో పదోవంతు దాటకూడదు. ఇది గట్టు మీద చేసే పని కాదు. చెక్కబోటు గట్టు మీద ఒక ఆకారంలో, నీళ్ళలో ఇంకో ఆకారంలో ఉంటుంది. నీళ్ళలోకి దింపి ఒకటి రెండు రోజులు ఆగి అప్పుడు కొలవండి. గట్టు మీదే బిగించి "అయిపోయింది" అనే మేస్త్రీకి ఈ మాట గట్టిగా చెప్పండి.

షాఫ్టు గ్లాండు నడిచేటప్పుడు నిమిషానికి కొన్ని చుక్కలు కారాలి. అసలు కారకుండా బిగిస్తే తాడు కాలి షాఫ్టు మీద గాడి పడుతుంది. కొత్త గ్లాండు తాడు ఒకే ముక్కగా చుట్టకూడదు. ఒక్కో చుట్టూ వేరేగా, ఏటవాలుగా కోసి, అతుకులు ఒకదాని మీద ఒకటి రాకుండా వేయాలి.

61 రోజులు కట్టేసినప్పుడు

నిషేధానికి ముందురోజు తిరిగొచ్చాక ఇంజను వేడిగా ఉండగానే నూనె తీసి కొత్తది పోయండి. చాలామంది జూన్‌లో పోస్తారు. పాత నూనెలో ఆమ్లాలుంటాయి, అవి రెండు నెలలు బేరింగుల మీద కూర్చుంటాయి. ఉప్పునీటి దారిలో మంచినీళ్ళు పెట్టి పావుగంట నడపండి. ట్యాంకు ఖాళీగా వదలకండి, ఖాళీ ట్యాంకు గోడలకి చెమట పట్టి నీరు చేరుతుంది. ఇంపెల్లరు తీసి పెట్టండి. ఎగ్జాస్టు గొట్టం మూతికి గుడ్డ కుక్కి, స్టార్టరుకి ఒక చీటీ కట్టండి, గుడ్డ మర్చిపోకుండా. వారానికి ఒకసారి క్రాంకుని చేత్తో ఒకటిన్నర చుట్టు తిప్పి వేరే చోట ఆపండి. బ్యాటరీ ఇంటికి తెచ్చుకోండి. మాకు తాబేళ్ళ నిబంధనలు కూడా ఉన్నాయి. ధామ్రా, దేవి, ఋషికుల్య నదీ ముఖాల దగ్గర నవంబరు 1 నుంచి మే 31 వరకు వేట కుదరదు. కాబట్టి ఒడిశా బోట్లు ఏడాదిలో ఎక్కువ రోజులే కట్టేసి ఉంటాయి. ఇంజను నడిచి అరగడం కంటే ఊరికే ఉండి తుప్పు పట్టడమే మా దగ్గర ఎక్కువ.

మునిగిన ఇంజను

1999 అక్టోబరు 29 తుపాను చూసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. 2013లో ఫైలిన్, 2019 మే 3న ఫణి. ఫణి వచ్చింది నిషేధం రోజుల్లోనే, బోట్లు కట్టేసి ఉండగా. నీళ్ళలో మునిగిన ఇంజను పోయినట్టే అనుకుని తుక్కు కింద అమ్మేసినవాళ్ళున్నారు. అలా అమ్మనక్కర్లేదు. ఉప్పునీళ్ళలో ఉన్నంతసేపటి కంటే, బయటికి తీసి గాలి తగిలాకే తుప్పు పరుగెత్తుతుంది. అందుకని తీసిన మొదటి రోజే ముఖ్యం.

ముందు బ్యాటరీ తీగలు తీసేయండి. స్టార్టరు నొక్కవద్దు. బయట మంచినీళ్ళతో బాగా కడగండి. చిన్న ఇంజను అయితే, వెంటనే విప్పే మనిషి దొరక్కపోతే, మంచినీళ్ళ తొట్టిలో ముంచి ఉంచడం గాలికి ఆరబెట్టడం కంటే మేలు. తర్వాత నాజిళ్ళు తీసి, నూనె వదిలేసి, చేత్తో క్రాంకు తిప్పి సిలిండర్లలో నీళ్ళు బయటికి పంపాలి. సిలిండర్లలో డీజిలూ పల్చని నూనే కలిపి పోయాలి. సంపులో కొత్త నూనె పోసి, తిప్పి, వదిలేయాలి. నూనె పాలరంగు పోయేదాకా రెండు మూడుసార్లు ఇదే చేయాలి. డీజిల్ పంపు, స్టార్టరు, ఆల్టర్నేటరు అదే రోజు షాపుకి పంపండి. బోటు మునిగేటప్పుడు ఇంజను నడుస్తూ ఉంటే మాత్రం ఇవేవీ చాలవు. లోపలికి నీళ్ళు లాగి రాడ్డులు వంగి ఉండవచ్చు, విప్పి చూడాల్సిందే.

కాగితాలు

నా పాత వృత్తి కాబట్టి ఇది చెప్పకుండా వదల్లేను. బోటు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టులో ఇంజను కంపెనీ పేరు, ఇంజను నంబరు ఉంటాయి. మనవాళ్ళు ఇంజను మార్చినప్పుడు ఆ కాగితం మార్చుకోరు. మాకు తెలిసిన ఒక కుటుంబం తుపానులో బోటు పోగొట్టుకుంది. ఇంటాయన రెండేళ్ళ కిందటే వేరే ఇంజను పెట్టాడు, నగదుకి కొన్నాడు, బిల్లు లేదు. పరిహారం కోసం ఇచ్చిన కాగితంలో ఒక నంబరు, ఇసుకలోంచి తీసిన ఇంజను మీద ఇంకో నంబరు. బోటు ఆయనదే అని హార్బరంతా తెలుసు. కానీ దరఖాస్తు చాలాకాలం ఫైలులోనే తిరిగింది. ఆయన భార్య నా దగ్గర కూర్చుని చూపించిన ఆ సర్టిఫికెట్టు నాకింకా గుర్తుంది, ప్లాస్టిక్ కవరులో, ఎంతో భద్రంగా దాచినది.

సెకండ్‌హ్యాండు ఇంజను కొంటే నంబరుతో సహా రసీదు రాయించుకోండి, అమ్మినవాళ్ళ సంతకం, గుర్తింపు కార్డు నకలు తీసుకోండి. మత్స్యశాఖ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి రిజిస్ట్రేషనులో మార్పించుకోండి. ఇన్సూరెన్సు ఉంటే వాళ్ళకీ ఉత్తరం రాసి, అందినట్టు ముద్ర వేయించుకోండి. తెలుగులో రాస్తే ఇక్కడ తీసుకోరు. ఒడియాలోనో ఇంగ్లీషులోనో రాసిపెట్టడం మా సంఘం పని.

ఎప్పుడు వదిలేయాలి అని కూడా అడుగుతుంటారు. క్రాంకు ఆఖరి సైజుకి వచ్చేసి, బ్లాకులో పగులు ఉండి, సముద్రం సగంలో రెండు ముక్కలు దొరక్కపోతే ఇక ఖర్చు పెట్టకండి. అయినా మొత్తం తుక్కుకి వేయకండి. మానిఫోల్డు, కూలరు, పంపు బాగుంటే విప్పి నూనె రాసి పెట్టండి. అదే మోడలు నడుపుతున్నవాళ్ళు కాసిమేడులోనో, మాల్పేలోనో, కాకినాడలోనో ఉంటారు. ప్లేటు ఫోటో, ముక్క ఫోటో మీ ఊరి సంఘానికి పంపితే మిగతా ఊళ్ళ సంఘాలకి చేరవేస్తాం. మా ఆఫీసులో ఇందుకోసం ఒక రిజిస్టరు పెట్టాను. ఎడమ పేజీలో కావలసినవాళ్ళు, కుడి పేజీలో ఉన్నవాళ్ళు. ప్రస్తుతానికి ఎడమ పేజీయే నిండుతోంది. కుడి పేజీలో రాయించేవాళ్ళు జూన్ 14 లోపల వస్తే ఈ సీజనుకే పనికొస్తుంది.